ఇంక్‌జెట్ ఫోటోలకు ఏ ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్? కడపలో ఒక ప్రాజెక్టు డైరీ

పని రెండు రకాలు. మా వీధి గ్రంథాలయం గోడకు 24 ఏ4 ఫోటోలు ప్రింటు తీయాలి: గండికోట, సిద్ధవటం, పుష్పగిరి, ఒంటిమిట్ట. అవి ఒక్కొక్కటీ రంగు చూసుకుని తాపీగా తీయాల్సినవి. రెండోది మా చెల్లెలి పెళ్ళి ఫోటోలు, చుట్టాలకు పంచడానికి 4×6 సైజులో ఒక వంద. ఇది గంపగుత్త పని. రెండింటికీ ఒకే ప్రోగ్రామ్ సరిపోతుందా, డబ్బు పెట్టి కొనాలా, ఉచితంగా దొరికేదానితో గడుస్తుందా అన్నది తేల్చుకోవాలి. ఇదే పనికి దిగేవాళ్ళు నేను పోగొట్టిన కాగితాలు మళ్ళీ పోగొట్టకుండా ఇక్కడ రాసి పెడుతున్నా.

చేతిలో ఉన్నవి

- ఆరు రంగుల డై ఇంకు ట్యాంకు ప్రింటరు, ఏ4 వరకు
- విండోస్ 11 ల్యాప్‌టాప్. అందులోనే పక్కన లినక్స్ మింట్
- పాత ఫ్లాట్‌బెడ్ స్కానరు
- స్టీలు స్కేలు, నగల అంగట్లో వాడే పది రెట్ల భూతద్దం
- 5000 కెల్విన్ ఎల్ఈడీ బల్బు
- పరీక్షలకు 180 జీఎస్ఎం గ్లాసీ (షీటు రూ. 5), అసలు పనికి 260 జీఎస్ఎం లస్టర్, అంటే సగం మెరుపు కాగితం (షీటు రూ. 21)

ఇంకు ఏ4కు రూ. 9 అని వేసుకున్నా. సీసా ధర, ట్యాంకు మీది గీతలు చూసి కట్టిన లెక్క అది. పైసలతో సహా సరిపోవాలని పట్టుబట్టొద్దు.

లస్టర్ కాగితం కోసం ఏడు రోడ్ల దగ్గర ఒక అంగడికి పోయి, "అన్నా, దీనికి ప్రొఫైల్ ఉందా?" అని అడిగా. "ప్రొఫైలా? ప్రింటర్ పేరు చెప్పు సామీ, పడుతుందో పడదో చెప్తా" అన్నాడు. కాగితం కొనేముందే ఆ కంపెనీ వెబ్‌సైట్లో మీ ప్రింటరు మోడల్‌కు ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద ఆ ప్రింటరు రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కింద రాసిన సగం పని మీకు అక్కరకు రాదు. నా 180 జీఎస్ఎంకు లేదు, 260కి ఉంది.

దశ 1: పరీక్ష పేజీ

ప్రోగ్రాములను ఇష్టమొచ్చిన ఫోటోతో పోల్చి లాభం లేదు. అన్నిటికీ ఒకే పేజీ పెట్టాలి. సగం ఏ4లో పట్టేట్టు జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటర్‌లో ఇలా చేశా:

1. నలుపు నుంచి తెలుపు దాకా 21 మెట్ల బూడిద పట్టీ.
2. సరిగ్గా 100 మి.మీ. గీత, అడ్డం ఒకటి, నిలువు ఒకటి.
3. సాయంత్రం ఎండలో గండికోట ఎర్ర రాయి.
4. మా వసారాలోని కడప బండ, నీడలో తీసింది. నలుపులో నలుపు కలిసిపోతుందా లేదా అన్నది ఇది పట్టిస్తుంది.
5. మార్కెట్ యార్డులో ఆరబోసిన పసుపు కొమ్ములు.
6. మూడు ఛాయల ముఖాలు.

సగం పేజీలో ఒక పరీక్ష తీసి, కాగితం తిప్పి పెట్టి మిగతా సగంలో ఇంకొకటి తీస్తే ఖర్చు సగమవుతుంది.

మొదట తీసిన కొన్ని పేజీలు చెత్తబుట్టకే పోయాయి. లేత నీలం నాజిల్ (ఇంకు చల్లే సన్నటి రంధ్రం) ఒకటి ఎండిపోయి ఉంది, ఆ తేడా కాస్తా ప్రోగ్రామ్ ఖాతాలో పడింది. కడప ఎండలకు నాలుగు రోజులు ప్రింటు తీయకపోతే ఇంతే. అప్పటినుంచి ఏ పోలికకైనా ముందు మామూలు కాగితం మీద నాజిల్ చెక్ తీస్తున్నా. డై ఇంకు ఆరేకొద్దీ రంగు కాస్త జరుగుతుంది కాబట్టి కొలతలన్నీ మరుసటి రోజే.

స్కానరుతో కొలిచే పద్ధతి: ఆటో సవరణలన్నీ ఆపేసి స్కాన్ చేయాలి. జింప్ హిస్టోగ్రామ్‌లో పట్టీ మధ్య మెట్టుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం సగటు చూడాలి (0 నుంచి 255 దాకా అంకెలు, మూడూ దగ్గరగా ఉంటే ఏ ఛాయా లేని బూడిద). ఇది అసలు రంగు కొలత కాదు. ఒకే కాగితం, ఒకే ఇంకు మీద తీసిన రెండు ప్రింట్లు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. ఒకే ప్రింటును రెండుసార్లు స్కాన్ చేసినా ఒక అంకె అటూ ఇటూ ఊగుతుంది.

*ఇప్పటిదాకా: 6 షీట్లు, రూ. 84.*

దశ 2: రంగు ఎవరు మార్చాలి

ఎక్కువ కాగితాలు తిన్నది ఈ దశే. ఫోటోలోని రంగులను ప్రింటరు భాషలోకి మార్చే పని ఎవరో ఒక్కరే చేయాలి, ప్రోగ్రామ్ అయినా, డ్రైవర్ (ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేర్) అయినా. ఇద్దరూ చేస్తే బొమ్మ చెడుతుంది. ప్రోగ్రామ్‌లో కాగితం ప్రొఫైల్ ఎంచుకుని, డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ 'ఆటో'లోనే వదిలేస్తే మధ్య బూడిద 134-113-121 వచ్చింది. ముఖాలన్నీ జ్వరమొచ్చినట్టు గులాబీ. డ్రైవర్‌లో 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' పెట్టి అదే ఫైలు తీస్తే 121-120-118.

మీ ప్రింట్లలో ముఖాలు గులాబీగానో, మొత్తం ముదురుగానో వస్తుంటే సాఫ్ట్‌వేర్ మార్చేముందు ఈ ఒక్కటి చూడండి.

ప్రోగ్రాముల వారీగా:

విండోస్ ఫోటోస్: ప్రింటర్ ప్రొఫైల్ పెట్టే చోటే లేదు. అంతా డ్రైవర్ దయ.

ఇర్ఫాన్‌వ్యూ: ఇందులోనూ ప్రింటు పెట్టెలో ప్రొఫైల్ గడి లేదు. కానీ సైజు, మార్జిన్లు అంకెల్లో ఇవ్వొచ్చు. వ్యక్తిగత వాడకానికి ఉచితం.

జింప్: సాఫ్ట్ ప్రూఫ్ బాగుంది, కాగితం మీద రంగు ఎలా మారబోతుందో తెర మీద ముందే చూపిస్తుంది. ప్రింటుకు మాత్రం ఫోటోను చేత్తో కాగితం ప్రొఫైల్‌లోకి మార్చి, వేరే ఫైలుగా దాచి, డ్రైవర్‌లో కరెక్షన్ ఆపి తీశా. కాగితం మారితే మళ్ళీ మొదటినుంచి. ఆ మార్చిన ఫైలు ఇంకెందుకూ పనికిరాదు, వాట్సాప్‌లో పెట్టారో పరువు పోతుంది.

లైట్‌రూమ్ క్లాసిక్: ప్రింట్ మాడ్యూల్‌లో ప్రొఫైల్, ఇంటెంట్ (కాగితం మీద రాని రంగులను ఎలా సర్దాలో చెప్పే పద్ధతి), షార్పెనింగ్ అన్నీ ఒకేచోట ఉంటాయి. నెలనెలా కట్టాలి.

క్యూఇమేజ్ అల్టిమేట్: విండోస్‌కు మాత్రమే. పుట్టిందే ప్రింటింగ్ కోసం. తెర చూస్తే ఇరవై ఏళ్ళ కిందటి ప్రోగ్రామ్‌లా ఉంటుంది. కొనేముందు కొన్నాళ్ళు ఉచితంగా వాడి చూడొచ్చు.

ఎప్సన్ ప్రింట్ లేఅవుట్, కానన్ ప్రొఫెషనల్ ప్రింట్ అండ్ లేఅవుట్ కూడా ఉచితమే. కానీ ఆయా కంపెనీల జాబితాలో ఉన్న మోడళ్ళకే పనిచేస్తాయి, నాది ఆ జాబితాలో లేదు. మీది ఉంటే మొదట అదే పట్టుకోండి.

మా బావకు ఫోటో స్టూడియో ఉంది. "సాఫ్ట్‌వేర్‌ను బట్టి కలర్ వస్తుంది బామ్మర్దీ, ఊరికే డబ్బులు కడుతున్నామా?" అన్నాడు. అందుకే ఆయన ల్యాప్‌టాప్ తెప్పించి నా ప్రింటరుకే తగిలించా. లైట్‌రూమ్, క్యూఇమేజ్, జింప్ మూడింటిలో ఒకే ప్రొఫైల్, రిలేటివ్ ఇంటెంట్ (రాని రంగులనే దగ్గరి రంగుకు మార్చేది), బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ (ఫోటోలోని నలుపును కాగితం ఇవ్వగల నలుపుకు సర్దేది) ఉన్నట్టు సరిచూసుకుని లస్టర్ మీద తీశా. మధ్య బూడిద ఇలా వచ్చింది:

- లైట్‌రూమ్: 121-120-118
- క్యూఇమేజ్: 121-120-119
- జింప్: 120-120-118

ఇది స్కానరు ఊగిసలాటలో కలిసిపోయే తేడా. వెనక పెన్సిల్‌తో గుర్తులు వేసి మూడింటినీ బావ ముందు పెట్టా. బల్బు కింద ఒకసారి, వసారా వెలుతురులో ఒకసారి తిప్పితిప్పి చూశాడు. గండికోట రాయి మీద వేలు పెట్టి, "ఇదీ లైట్‌రూమ్ అంటే, ఈ ఎరుపు చూడు" అన్నాడు. తిప్పి చూస్తే అది జింప్‌ది. "కాగితం మంచిది పడిందిలే" అని టీ అందుకున్నాడు.

ఆ రోజు నుంచి నా ప్రశ్న మారింది. సెట్టింగులు సమం చేశాక ఏ ప్రోగ్రామైనా ఒకే రంగు ఇస్తోంది. మరి డబ్బు దేనికి? మిగిలినవి మూడే: సైజు, పదును, పెట్టిన సెట్టింగులు గుర్తుంచుకోవడం. ఇకపై పరీక్షలన్నీ వాటి మీదే.

రంగులో ఇంకో రెండు గమనికలు:

బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ తీసేసి రిలేటివ్‌లో తీస్తే కడప బండ ఫోటోలో బండల మధ్య సందులు మాయమయ్యాయి, మొత్తం ఒకే నల్లటి ముద్ద. అది పెట్టగానే సందులు తిరిగొచ్చాయి. ఎర్ర రాయికి పర్సెప్చువల్ (రంగులన్నిటినీ కలిపి కాస్త కుదించే ఇంటెంట్) మేలు, రాతి మీది గరుకు నిలిచింది. ముఖాలకు రిలేటివ్ చాలు.

ఇంకోటి ఐఫోన్ ఫోటోలు. అవి మామూలుగా డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఉంటాయి. ఫైలులోని ప్రొఫైల్‌ను పట్టించుకోని దారిలో తీస్తే పసుపు కొమ్ములు పాలిపోయి వచ్చాయి. ముందుగా ఎస్ఆర్‌జీబీకి (అన్నిచోట్లా నడిచే మామూలు రంగుల పరిధి) మార్చి తీస్తే ఆ తంటా లేదు.

*ఇప్పటిదాకా: 13 షీట్లు, రూ. 230.*

దశ 3: పెట్టిన సెట్టింగ్ పొద్దున్నే ఎందుకు పోతుంది

రాత్రి చక్కగా వచ్చిన ప్రింటు పొద్దున మళ్ళీ గులాబీగా వచ్చింది. చాలా ప్రోగ్రాములు డ్రైవర్‌లో మనం మార్చినవాటిని తెరిచి ఉన్నంతసేపే గుర్తుంచుకుంటాయి. మూసి తెరిస్తే డ్రైవర్ డిఫాల్ట్‌కు పోతుంది, కలర్ కరెక్షన్ 'ఆటో'కు తిరిగొస్తుంది. ప్రతిసారీ డ్రైవర్ పెట్టె తెరిచి చూసుకుంటే సరే, కానీ వంద ఫోటోల పనిలో ఎవరికి గుర్తుంటుంది?

ఉచితంగా దీన్ని తప్పించుకునే ఉపాయం ఒకే ప్రింటరును విండోస్‌లో రెండు పేర్లతో పెట్టుకోవడం:

1. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరిచి, చేత్తో చేర్చే దారిలో లోకల్ ప్రింటర్ ఎంచుకోండి.
2. పోర్టుగా ఇప్పటికే ఉన్నదే ఇవ్వండి (నాకు యూఎస్‌బీ001).
3. ఉన్న డ్రైవరే వాడమని చెప్పండి, కొత్తది వేయొద్దు.
4. పేరు 'లస్టర్ ప్రొఫైల్' అని పెట్టండి.
5. దాని ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో కాగితం రకం, నాణ్యత, నో కలర్ అడ్జస్ట్‌మెంట్ పెట్టి దాచండి.
6. పాత పేరును మామూలు కాగితానికి వదిలేయండి.

ఇక ఏ ప్రోగ్రామ్ నుంచి తీసినా పేరు ఎంచుకుంటే చాలు. ఒక జాగ్రత్త: డ్రైవర్ అప్‌డేట్ అయితే రెండు పేర్లనూ మళ్ళీ తెరిచి చూడాలి.

క్యూఇమేజ్ ఈ పని తనే చేస్తుంది. డ్రైవర్ సెట్టింగులతో సహా మొత్తం ఏర్పాటును ఒక పేరుతో దాచుకుని, పిలవగానే తిరిగి పెడుతుంది. లైట్‌రూమ్ టెంప్లేట్లు కూడా దాదాపు ఇంతే. ఈ దశకు కాగితం ఖర్చు లేదు, గులాబీ ప్రింట్లు పై లెక్కలోనే ఉన్నాయి.

దశ 4: సైజు

100 మి.మీ. గీతను స్టీలు స్కేలుతో కొలిస్తే:

- విండోస్ ఫోటోస్, పేజీకి సరిపెట్టు: 96.5
- ఇర్ఫాన్‌వ్యూ, సైజు అంకెల్లో ఇచ్చి: 100
- జింప్, ఇమేజ్ సెట్టింగ్స్‌లో ఇచ్చి: 100
- లైట్‌రూమ్, క్యూఇమేజ్: 100
- ఏదైనా సరే, డ్రైవర్‌లో బోర్డర్‌లెస్ పెడితే: 102.5

చివరిది ప్రోగ్రామ్ తప్పు కాదు. అంచు దాకా ఇంకు పడాలని డ్రైవర్ బొమ్మను కాస్త పెంచి నాలుగు పక్కలా బయటికి తోస్తుంది. ఆ పెంచే స్థాయిని కనిష్ఠానికి తగ్గిస్తే 100.8కి దిగింది, కానీ ఒక పక్క సన్నటి తెల్ల గీత మిగిలింది. గ్రూప్ ఫోటోలో చివర నిల్చున్న పెద్దాయన చెవి పోయిందంటే కారణం ఇదే. గోడ ఫోటోలకు బోర్డర్‌లెస్ మానేశా. ఫ్రేము లోపలికి పోయే అంచు తెల్లగా ఉంటే ఎవరికి నష్టం?

*ఇప్పటిదాకా: 18 షీట్లు, రూ. 300.*

దశ 5: పదును

డ్రైవర్లు తమకంటూ ఒక రిజల్యూషన్ పెట్టుకుంటాయి. ఎప్సన్‌వి 360 లేదా 720 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు), కానన్‌వి 300 లేదా 600. ఫోటో ఆ అంకెకు లేకపోతే ఎవరో ఒకరు సాగదీయాలి లేదా కుదించాలి. క్యూఇమేజ్ అడగకుండానే ఆ అంకెకు తెచ్చి, సైజును బట్టి పదును పెడుతుంది. లైట్‌రూమ్‌లో అంకె మనం ఇవ్వాలి, పదును మూడు స్థాయిల్లో ఉంటుంది. ఇర్ఫాన్‌వ్యూ, ఫోటోస్ నుంచి తీసినప్పుడు ఆ సాగదీత డ్రైవర్‌కే వదిలేశా.

ఒంటిమిట్ట గోపురాన్ని మూడు ఫైళ్ళతో ఏ4కు తీశా:

- కెమెరా, 6000 × 4000: పొడవు 297 మి.మీ.కు 513 పీపీఐ
- ఫోను, 4000 × 3000: వెడల్పు 210 మి.మీ.కు 363 పీపీఐ
- అదే ఫోను ఫోటో వాట్సాప్‌లో తిరిగొచ్చినది, 1600 × 1200: 145 పీపీఐ

మొదటి రెండింటిలో చేయి దూరం నుంచి ఏ ప్రోగ్రామ్‌కూ తేడా లేదు. భూతద్దం పెడితే క్యూఇమేజ్, లైట్‌రూమ్ ప్రింట్లలో శిల్పాల అంచులు కొంచెం తేరుకుని ఉన్నాయి. అది గోడ మీద కనిపించదు. మూడోదానిలో తేడా వట్టి కంటికే తెలిసింది: ఇర్ఫాన్‌వ్యూ ప్రింటులో కరెంటు తీగ మెట్లుమెట్లుగా ఉంది, క్యూఇమేజ్‌లో నున్నగా వచ్చింది. అలాగని గోపురం మీద లేని శిల్పం పుట్టుకురాలేదు.

లైట్‌రూమ్‌లో పదును 'హై' పెడితే ఆకాశం ముందున్న కొబ్బరి మట్టల అంచున తెల్లటి గీత లేచింది. 'స్టాండర్డ్' దగ్గర ఆపేశా.

పెళ్ళి ఫోటోలు పంపేవాళ్ళకు ఒక్క మాట చెప్పండి: వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపమని. సాఫ్ట్‌వేర్‌కు పెట్టే డబ్బుకన్నా దానితో వచ్చే లాభం ఎక్కువ.

*ఇప్పటిదాకా: 22 షీట్లు, రూ. 420.*

దశ 6: లినక్స్ వైపు, క్లుప్తంగా

డార్క్‌టేబుల్ అనే ఫోటో ప్రోగ్రామ్‌లో ప్రింట్ విభాగం ఉంది, ఉచితం. ప్రొఫైల్, ఇంటెంట్, బ్లాక్ పాయింట్ అన్నీ పెట్టొచ్చు. అది కప్స్ (లినక్స్‌లో ప్రింటు పని చూసే వ్యవస్థ) మీద నడుస్తుంది కాబట్టి విండోస్‌లో ఆ విభాగం కనిపించదు. లినక్స్‌లో తీస్తే బూడిద ఆకుపచ్చకు తిరిగింది, 115-122-116. ప్రోగ్రామ్ బాగానే ఉంది. కాగితం కంపెనీ ఇచ్చిన ప్రొఫైల్ విండోస్ డ్రైవర్‌తో తయారైనది, లినక్స్‌లో డ్రైవర్ వేరు, ఇంకు చల్లే తీరు వేరు. ప్రొఫైల్ అనేది కాగితానికి మాత్రమే చెందింది కాదు. ప్రింటరు, ఇంకు, కాగితం, డ్రైవర్ సెట్టింగ్ నాలుగూ కలిస్తేనే అది చెల్లుతుంది. ఆర్గిల్‌సీఎంఎస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సొంత ప్రొఫైల్ చేసుకోవచ్చు గానీ దానికి స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగు కొలిచే పరికరం) కావాలి. టర్బోప్రింట్ అనే డబ్బు డ్రైవర్ ఒకటుంది. నా పనికి అంత అక్కర్లేదని ఇక్కడితో ఆపేశా. లినక్స్ ఒక్కటే వాడేవాళ్ళకు మాత్రం దారి ఇదే.

*ఇప్పటిదాకా: 27 షీట్లు, రూ. 522.*

దశ 7: వంద 4×6లు

తేల్చింది ఇదే. 4×6 అంటే 101.6 × 152.4 మి.మీ. ఏ4 అంటే 210 × 297, నాలుగు పక్కలా 3 మి.మీ. మార్జిన్ పోతే 204 × 291 మిగులుతుంది. గళ్ళుగా పేర్చే ప్రోగ్రామ్ ఒక షీటుకు రెండే పెడుతుంది. నిలువుగా రెండు పక్కపక్కన పెట్టి (203.2 మి.మీ.), కింద ఒకటి అడ్డంగా పెడితే మూడు పడతాయి. పక్కపక్కన ఉన్నవాటికి మిగిలే సందు 0.8 మి.మీ. మాత్రమే, కాబట్టి రెండింటి మధ్య ఒకటే కోత. కట్టర్‌లో బ్లేడు కొత్తది ఉండాలి.

లెక్క:

- షీటుకు రెండు: వందకు 50 షీట్లు, కాగితం రూ. 1,050
- షీటుకు మూడు: వందకు 34 షీట్లు, కాగితం రూ. 714

ఒక్క విడతలో రూ. 336 మిగులు. క్యూఇమేజ్‌లో సైజు చెప్పి ఫోటోలు లాగి పడేస్తే తనే తిప్పి ఇలా పేర్చుకుంది. లైట్‌రూమ్‌లో పిక్చర్ ప్యాకేజీ గళ్ళను చేత్తో ఇలా అమర్చి టెంప్లేట్‌గా దాచొచ్చు, కానీ ఒకే ఫోటో మూడుసార్లు రాకుండా చూసుకోవాలంటే కస్టమ్ ప్యాకేజీ వాడాలి. జింప్‌లో చేత్తో పేర్చా, చుట్టాల మీదే విసుగొచ్చింది.

*ఇప్పటిదాకా: 32 షీట్లు, రూ. 672. బల్బు, భూతద్దం వేరే.*

ఇప్పుడు వాడుతున్న ఏర్పాటు

క్యూఇమేజ్ కొన్నా. రంగు కోసం కాదు, పేర్చడానికీ, సెట్టింగులు దాచుకోవడానికీ. గోడ ఫోటోలకు మాత్రం ముందు జింప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ చూసి, ఎర్ర రాయి ఎక్కడ చచ్చిపోతుందో సరిచేసుకుని, తర్వాతే ప్రింటుకు పంపుతున్నా.

లైట్‌రూమ్‌కు ఇప్పటికే కడుతున్నవాళ్ళు ఇంకేమీ కొనక్కర్లేదు. నెలకు నాలుగైదు ఫోటోలు తీసేవాళ్ళకు ఉచిత దారే చాలు: రెండు పేర్ల ప్రింటరు, జింప్‌లో ప్రొఫైల్‌కు మార్చడం, సైజు అంకెల్లో ఇవ్వడం. ప్రొఫైల్ లేని కాగితమైతే ఇర్ఫాన్‌వ్యూ, డ్రైవర్ ఆటో, ఎస్ఆర్‌జీబీ ఫైలు. నా 180 జీఎస్ఎం మీద ఆ దారిలో బూడిద 123-121-114 వచ్చింది, కాస్త పసుపు వైపు. ఆ ఛాయను ఎవరూ కాదనలేదు.

మిగిలిన పని: మ్యాట్ కాగితం. దాని ప్రొఫైల్ దించి పెట్టుకున్నా, విండోస్‌లో ప్రింటరుకు మూడో పేరు కూడా చేర్చా. కాగితం వచ్చాక అదే పరీక్ష పేజీతో మొదలుపెడతా, నాజిల్ చెక్ తర్వాత.